సైకిలు ఫ్రేము దెబ్బతింటే... అతికించాలా, మార్చాలా?

ఇత్తడి బిందెకు చిల్లు పడితే మాటు వేయించుకుంటాం. కుక్కరు గాస్కెట్టు సాగిపోతే మాత్రం మాటూ గీటూ అనకుండా కొత్తది తెచ్చుకుంటాం. ఎందుకని? బిందె కారితే నీళ్ళు పోతాయి, అంతే. కుక్కరు తేడా చేస్తే మొహం మీదికే వస్తుంది. ఏది బాగుచేయించుకోవచ్చో, ఏది మార్చి తీరాలో మనకెవరూ బళ్ళో పాఠం చెప్పలేదు. వంటింట్లో నేర్చుకున్నాం. ఆ తెలివినే ఈ వారం గుమ్మం దాటించి, వసారాలో గోడకి ఆనించి ఉన్న సైకిలు దాకా తీసుకెళ్దాం.

"సైకిలు సంగతి మగవాళ్ళది, మనకెందుకూ" అని పేజీ తిప్పేయకండి. పెద్దమండ్యం దగ్గర ఒక పల్లె నుంచి ఒక సోదరి రాసిన ఈ ఉత్తరం చదవండి.

"మా పెద్ద బిడ్డకి బడిలో ఇచ్చిన సైకిలు. ఇప్పుడు చిన్న బిడ్డ తొమ్మిది చదువుతా దాన్నే తొక్కుతా ఉంది. పోయిన నెల మసక చీకట్లో వస్తా మోరీ గట్టుకి గుద్దేసింది. బిడ్డకి మోకాలు చెక్కుకుపోయింది, అంతే, దేవుడు చల్లగా చూసినాడు. సైకిలుకి మాత్రం ముందర ఫోర్కు వెనక్కి పోయింది. హ్యాండిలు కింద బారు మీద పెయింటు లేచిపోయి గీత మాదిరి కనబడతా ఉంది. మా ఇంటాయన వెల్డింగు కొట్టిస్తే చాలంటాడు. మా మరిది పాత ఇనుముకి వేసేసి కొత్తది కొనమంటాడు. కొత్తదానికి ఇప్పుడు దుడ్లు లేవు. నడిచి పోలేక బిడ్డ వారానికి రెండు దినాలు బడికి నిలిచిపోతా ఉంది. ఏం చేసేది?"

చూశారా! ఇది సైకిలు సంగతి కాదు, చదువు సంగతి. మన రాష్ట్రంలో 2014-19 మధ్య ప్రభుత్వం 'బడికొస్తా' పథకం కింద తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళు పంచింది. అంతకు ముందే 2006లో బీహార్ ప్రభుత్వం ఇలాంటి పథకం మొదలుపెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాన్ని లెక్క కట్టి చూస్తే, హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని తేలింది. బడి దూరంగా ఉన్న ఊళ్ళలో ఆ లాభం మరీ ఎక్కువ. అంటే మూల పడేసిన సైకిలు ఇంట్లో చోటు తినడమే కాదు, ఒక్కోసారి పిల్ల చదువునూ తినేస్తుంది. అలాగని అతుకుల సైకిలెక్కించి పంపితే ఏ వాలు దగ్గరో విరిగిందంటే? ఆ భయమూ నిజమే.

ఆ సోదరి ఇంట్లో ఇద్దరు మగవాళ్ళు చెప్పిందీ సగం సగం నిజమే. వెల్డింగుతో సరిపోయేవి కొన్ని ఉన్నాయి, సరిపోనివి కొన్ని ఉన్నాయి. ఏది ఏదో తెలిస్తే డబ్బూ దండగ కాదు, పిల్లకీ ప్రమాదం ఉండదు.

ఉక్కు గుణం తెలుసుకుందాం

సైకిలు పక్కన నిలబడి ఒకసారి చూడండి. హ్యాండిలు కింద నిలువుగా ఉన్న పొట్టి గొట్టాన్ని 'హెడ్డు' అంటారు. అందులోంచి కిందికి దిగి ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కొమ్ముల భాగం ఫోర్కు. పెడళ్ళ ఇరుసు తిరిగే అడ్డ గొట్టాన్ని మెకానిక్కులు 'బి.బి.' అంటారు. హెడ్డు నుంచి సీటు వైపు వెళ్ళేది పై బారు, బి.బి. వైపు దిగేది కింది బారు. ఇక వెనక చక్రానికి అటూ ఇటూ సన్న గొట్టాలు. ఫోర్కు విడిగా ఊడి వస్తుంది, మిగతాదంతా కలిపి ఫ్రేము.

మీ సైకిలు ఉక్కుదో, అల్యూమినియందో తెలియకపోతే ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం బొమ్మ తెచ్చి పెట్టండి. అంటుకుంటే ఉక్కు. మన పల్లెల్లో తిరిగే మామూలు సైకిళ్ళలో చాలా మటుకు ఉక్కువే. అది మన అదృష్టం. ఎందుకంటే ఉక్కు ఒక్కసారిగా పుటుక్కుమనదు, ముందు వంగుతుంది. వంగి 'నాకు దెబ్బ తగిలింది' అని చెబుతుంది. పైగా దాన్ని తిరిగి వంచి సరిచేయొచ్చు, అతకొచ్చు. అల్యూమినియం ఫ్రేముకి వెల్డింగు చేస్తే ఆ వేడికి అతుకు చుట్టుపక్కల లోహం మెత్తబడి బలం తగ్గిపోతుంది. మళ్ళీ బలం రావాలంటే ఫ్యాక్టరీలో చేసినట్టు లెక్క ప్రకారం వేడి చేసి ఆరబెట్టాలి. మన ఊళ్ళో అది కుదిరే పని కాదు.

ఉక్కు మంచిదే గానీ దాని ఓపిక్కీ ఓ హద్దుంది. ఒక జడపిన్ను తీసుకోండి. వంచండి, మళ్ళీ తిన్నగా చేయండి. ఒకసారికి ఏమీ కాదు. అదే చోట పదిసార్లు వంచి చూడండి, రెండు ముక్కలవుతుంది. సైకిలు గొట్టమూ అంతే. కాస్త వంగితే ఒకసారి సరిచేయించుకోవచ్చు. సరిచేసిన చోటే మళ్ళీ వంగిందంటే ఇక దాన్ని నమ్మకూడదు.

ముందు మీరే చూడండి

మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళే ముందే ఇంట్లో మనం చేసుకోగల పరీక్షలు నాలుగున్నాయి. ఖర్చు లేనివి, అరగంట పని.

మొదటిది కంటి పరీక్ష. సైకిలు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఎండలో పెట్టండి. హెడ్డు వెనకాల పై బారు, కింది బారు మొదలయ్యే చోట వేళ్ళతో నెమ్మదిగా తడమండి. ముందు నుంచి దేన్నయినా గుద్దితే ఆ దెబ్బంతా వచ్చి పడేది అక్కడే. గొట్టం అడుగున ఉబ్బుగానీ, చీర కుచ్చిళ్ళలా ముడతగానీ తగిలితే గొట్టం నలిగిందని అర్థం. పెయింటు పెచ్చులూడినా, సన్నటి తుప్పు గీత కనబడినా అనుమానించండి.

రెండోది కిరసనాయిలు పరీక్ష. గీత కనబడుతోంది గానీ అది పెయింటుకే వచ్చిందా, ఉక్కుకీ వచ్చిందా అన్నది తేలడం లేదనుకోండి. అక్కడ పెయింటు పాత బ్లేడుతో గీకి, కాస్త కిరసనాయిలు రాసి పది నిమిషాలు వదిలేయండి. కిరసనాయిలు దొరక్కపోతే రెండు చుక్కలు డీజిలైనా ఫరవాలేదు. తర్వాత పొడిగా తుడిచేసి, సుద్దముక్క పొడి పల్చగా చల్లండి. పగులుంటే లోపలికి దూరిన కిరసనాయిలు నెమ్మదిగా పైకి వచ్చి సుద్ద మీద తడి గీత గీస్తుంది. పూర్వం రైల్వే వర్కుషాపుల్లో ఇరుసుల పగుళ్ళు ఇలా నూనె, సుద్దతోనే కనిపెట్టేవారు. ఈ పని ఆరుబయట, పొయ్యికి దూరంగా చేయండి సుమా!

మూడోది దారం పరీక్ష. ఇది ఫ్రేము వంకర తెలుసుకోవడానికి. వెనక చక్రం ఇరుసు కూర్చునే పలక దగ్గర ఒక వైపు దారం కట్టి, ముందుకు లాగి, హెడ్డు గొట్టం చుట్టూ తిప్పి, రెండో వైపు పలకకు బిగుతుగా కట్టండి. చైను కవరు అడ్డొస్తే విప్పించండి. ఇప్పుడు సీటు గొట్టానికీ దారానికీ మధ్య ఖాళీ రెండు వైపులా స్కేలుతో కొలవండి. రెండూ సమానంగా ఉంటే ఫ్రేము తిన్నగా ఉన్నట్టు. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాతో ఇబ్బంది లేదు. అంతకు మించితే ఫ్రేము పక్కకి ఒరిగిందన్నమాట.

నాలుగోది ఫోర్కు చూడటం. సైకిలుకి పక్కగా నాలుగు గజాల దూరంలో నిలబడండి. మామూలు సైకిళ్ళలో ఫోర్కు కొమ్ములు హెడ్డు గొట్టం వాలులోనే దిగి, చివర కొంచెం ముందుకు వంపు తిరుగుతాయి. వంపు పోయి కొమ్ములు వెనక్కి నెట్టుకుపోయి ఉంటే, ముందు చక్రం కింది బారుకు దగ్గరగా జరిగి ఉంటే, ఫోర్కు దెబ్బతిన్నట్టే. హ్యాండిలు తిప్పినప్పుడు పెడలు మీది కాలి వేళ్ళు చక్రానికి ఇదివరకు లేనివిధంగా తగులుతున్నాయా అన్నది కూడా చూడండి.

నిశ్చింతగా బాగుచేయించుకోదగినవి

బారు మీద చిన్న సొట్ట పడింది, ముడత లేదు, పగులు లేదు. దాన్ని అలాగే వదిలేయండి. గిన్నెకు సొట్ట పడితే అన్నం ఉడకడం మానదు కదా!

వెనక చక్రం పట్టుకునే పలకలు కాస్త వంగాయి, లేదా వెనక సన్న గొట్టాలు కొద్దిగా పక్కకి ఒరిగాయి. అనుభవం ఉన్న మెకానిక్కు వేడి చేయకుండానే, నెమ్మదిగా వంచి తిన్నగా చేయగలడు. తర్వాత దారం పరీక్ష మళ్ళీ చేయించండి.

మడ్‌గార్డు, క్యారియరు కడ్డీలు బిగించే చెవులు విరిగాయి, స్టాండు పలక ఊడింది. గ్యాసు మీద ఇత్తడి అతుకు వేస్తే సరిపోతుంది. మన ఊళ్ళలో పాల క్యాన్లూ, మేత కట్టలూ మోసే సైకిళ్ళకి ముందు పోయేవి ఇవే. బోల్టు వదులైన రోజే బిగిస్తే ఆ అతుకు ఖర్చు కూడా ఉండదు.

పాత కాలపు బరువైన సైకిళ్ళలో గొట్టం చివర ఉక్కు తొడుగులో కూర్చుని ఉంటుంది. అక్కడ అతుకు కదిలి, గొట్టం మాత్రం క్షేమంగా ఉంటే, మళ్ళీ ఇత్తడి పోయించుకోవచ్చు. ఇత్తడి సుమారు 900 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఉక్కు కరగాలంటే దాదాపు 1500 డిగ్రీలు కావాలి. అందుకని ఉక్కు చెక్కుచెదరకుండానే ఇత్తడి కరిగి, వత్తిలోకి నూనె పాకినట్టు సందులోకి పాకి గట్టిగా పట్టేస్తుంది. ఆ సైకిళ్ళు తాతల నాటి నుంచి మనవల దాకా తిరగడంలో ఈ అతుకు గొప్పతనం కూడా ఉంది.

వెనక సన్న గొట్టంలో ఒకే ఒక్క చోట చిన్న పగులుంటే, దాన్నీ అతికించుకోవచ్చు. కానీ ఊరికే పైన మెత్తినట్టు కాదు. పెయింటు పూర్తిగా గీకాలి. పగులు ముందుకు పాకకుండా దాని కొసన చిన్న రంధ్రం వేయాలి. లోపల చిన్న గొట్టం ముక్కో, బయట పట్టీయో వేసి అప్పుడు అతకాలి. ఇంత ఓపిగ్గా చేసేవాళ్ళు దొరికితేనే చేయించండి.

మార్చి తీరాల్సినవి

మొదట ఫోర్కు. వెనక గొట్టం విరిగితే సైకిలు కుంటుతుంది, ఆగి దిగొచ్చు. ఫోర్కు విరిగితే దిగే వ్యవధి ఉండదు. తొక్కే మనిషి ముందుకు, మొహం మీదికి పడుతుంది. కొట్టి తిన్నగా చేసిస్తామంటారు, తక్కువలో అవుతుందంటారు. వద్దు. మామూలు సైకిలు ఫోర్కు ఫ్రేముకంటే చవక, షాపుల్లో తేలిగ్గా దొరుకుతుంది. పాతది చేత పట్టుకుని వెళ్ళండి. చక్రం సైజు, హెడ్డులోకి దూరే కాడ పొడవు, దాని మీది మరలు సరిపోవాలి. అది మార్చేటప్పుడే హెడ్డులోని గుళ్ళు, కప్పులు కూడా చూపించండి.

రెండోది, హెడ్డు దగ్గర ముడత పడిన బారు. కాగితం గొట్టాన్ని మడిచి విప్పితే మళ్ళీ అదే చోట మడత పడుతుంది, చూసే ఉంటారు. ఉక్కు గొట్టమూ అంతే. ముడత మీద వెల్డింగు కొడితే పైకి లావుగా, గట్టిగా కనబడుతుంది గానీ, దాని పక్కనే మళ్ళీ చీలుతుంది. హెడ్డు గొట్టమే కోలగా సాగిపోయి కప్పులు వదులుగా ఊగుతున్నా ఇదే మాట.

మూడోది, బి.బి. చుట్టూ పగుళ్ళు. తొక్కే బలమంతా పడేది అక్కడే. ఒకసారి అతికించినా తొక్కిన ప్రతిసారీ ఆ అతుకును అటూ ఇటూ గుంజుతూనే ఉంటాం.

నాలుగోది, లోపల్నుంచి తినేసిన తుప్పు. పై తుప్పు గీకి రంగేస్తే పోతుంది. కానీ స్క్రూడ్రైవరు కొనతో అదిమితే గొట్టం లోపలికి దిగిందంటే, పాత రేకు డబ్బా అడుగులా పల్చబడిందన్నమాట. అతకడానికి అక్కడ ఉక్కే మిగల్లేదు.

అయిదోది, ఒకసారి అతికిన చోటే మళ్ళీ విరిగింది. రెండో అతుకు వేయించకండి.

ఇక పెద్దమండ్యం సోదరికి జవాబు. అమ్మా, ఫోర్కు ఎలాగూ వెనక్కి పోయిందన్నారు కాబట్టి దాన్ని మార్చేయండి, అందులో రెండో ఆలోచన వద్దు. బారు మీద గీతకు సుద్ద పరీక్ష చేయండి. సుద్ద మీద తడి గీత రాలేదు, వేలికి ముడత తగల్లేదు, దారం రెండు వైపులా సమానంగా ఉంది అనుకోండి. అప్పుడు పోయింది పెయింటే. కొత్త ఫోర్కుతో, ఆ చోట కాస్త రంగుతో మీ అమ్మాయి సైకిలు నడుస్తుంది. మీ మరిది చెప్పినట్టు పాత ఇనుముకి వేయక్కర్లేదు. గీత నిజంగా పగులే అయినా, ముడత తగిలినా, మీ ఇంటాయన చెప్పినట్టు వెల్డింగు కొట్టించవద్దు. ఫ్రేము మార్చాల్సిందే. అప్పుడు కూడా మొత్తం సైకిలు కొననక్కర్లేదు. ఎలాగో చెబుతాను.

ఖర్చు లెక్క

సైకిలంటే ఫ్రేము ఒక్కటే కాదు. చక్రాలు, టైర్లు, హ్యాండిలు, సీటు, చైను, పెడళ్ళు, మడ్‌గార్డులు, క్యారియరు కూడా. ఫ్రేము విరిగినంత మాత్రాన ఇవన్నీ విరగవు. మదనపల్లె లాంటి ఊళ్ళో పెద్ద సైకిలు షాపుల్లో ఫ్రేము విడిగా అడగండి. దొరికితే పాత సామానంతా దానికి ఎక్కించుకోవచ్చు. పాత సైకిళ్ళు విప్పి అమ్మేవాళ్ళ దగ్గర నిక్షేపంలాంటి ఫ్రేము దొరికినా దొరకొచ్చు. కాకపోతే పైన చెప్పిన నాలుగు పరీక్షలూ చేసి, రసీదు రాయించుకుని మరీ తీసుకోండి. ఫ్రేము మీద కొట్టిన నంబరు రసీదులో ఉండేలా చూసుకోండి. దొంగ సైకిలు ఫ్రేము మన ఇంటికి రాకూడదు కదా.

కంపెనీ మూతపడిందనీ, ఇక సామాను దొరకదనీ ఎవరైనా అంటే బెంగపడకండి. 1951లో సోనిపట్‌లో మొదలైన అట్లాస్ కంపెనీ చాలా ఇళ్ళకు తెలిసిన పేరు. దాని సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే ఆగిపోయింది. అయినా మామూలు సైకిళ్ళకి చైను, పెడళ్ళు, టైర్లు, రిమ్ములు, గుళ్ళు చాలా వరకు ఒకే కొలతల్లో వస్తాయి. ఒక కంపెనీది ఇంకోదానికి సరిపోతుంది.

లెక్క ఇలా వేసుకోండి. ఒక కాగితం మీద అన్ని రిపేర్లూ వరసగా రాయించండి, పక్కన ఖర్చు వేయించండి. మొత్తం కొత్త సైకిలు ధరలో మూడో వంతు లోపు ఉంటే సంతోషంగా బాగుచేయించండి. సగం దాటుతుంటే ఆలోచించండి. టైర్లు అరిగి, రిమ్ములు తుప్పు పట్టి, ఫ్రేము కూడా పోయిందంటే మాత్రం ఆ సైకిలు తన పని తాను చేసి వెళ్ళిపోతోందన్నమాట. అప్పుడు కొత్తదానికి పొదుపు మొదలుపెట్టడమే మేలు. ఒక్క విషయంలో మాత్రం ఈ లెక్క చెల్లదు. ఫోర్కు, బ్రేకులు. వాటి దగ్గర రూపాయి చూసుకోకండి.

ఏ షాపుకి, ఏమడగాలి?

గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసే షాపులో కరెంటు వెల్డింగు ఉంటుంది. అది మందపాటి ఇనుముకి. సైకిలు గొట్టం మందం ఒక మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే. దోసె పెనం మీద పెట్టాల్సిన మంట పల్చటి పాలగిన్నె కింద పెడితే ఏమవుతుంది? మాడుతుంది. గొట్టమూ అంతే, చిల్లు పడుతుంది. ఆ చిల్లు మూయడానికి ఇంకాస్త లోహం కుప్పబోస్తారు. అతుకు లావవుతుంది, దాని పక్క గొట్టం బలహీనమవుతుంది. అందుకని గ్యాసు మంటతో సన్న పని చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి.

వెళ్ళాక మొహమాటపడకుండా ఈ మాటలు అడగండి. "గ్యాసా, కరెంటా? ఇత్తడి పోస్తారా? ఇదివరకు సైకిలు ఫ్రేములు చేశారా?" ఇత్తడి పోసిన చోట తర్వాత కరెంటు వెల్డింగు చేయకూడదని గుర్తుంచుకోండి. ఇత్తడి ఉక్కులోకి దిగి కొత్త పగుళ్ళు తెస్తుంది. బి.బి. దగ్గర పనైతే గుళ్ళు, గ్రీజు ముందే తీయించండి. పని అయ్యాక త్వరగా చల్లారాలని నీళ్ళు పోయనివ్వకండి, దానంతటదే ఆరాలి. ఆరాక రెడాక్సైడు, దాని మీద రంగు. అతుకు మీద పచ్చి ఇనుము కనబడేలా ఇంటికి తేవద్దు.

ఇంటికి తెచ్చాక పిల్లకి వెంటనే ఇవ్వకండి. పెద్దవాళ్ళెవరైనా రెండు రోజులు ఊళ్ళోనే తొక్కి చూడాలి. వారానికోసారి, తర్వాత నెలకోసారి అతుకు దగ్గర తుడిచి చూడండి. సన్న గీత కనబడితే ఆ రోజుతో ఆపేయండి.

బారు ఉన్న సైకిలు మనకొద్దా?

ఆడపిల్ల అనగానే పై బారు కిందికి దించిన లేడీస్ సైకిలే కొంటాం. ఎక్కడానికి, దిగడానికి సుఖం, నిజమే. కానీ ఒక సంగతి తెలుసుకోండి. పై బారు ఉన్న ఫ్రేములో గొట్టాలు రెండు త్రికోణాలుగా కుదురుతాయి. త్రికోణం అంత తేలిగ్గా ఒరగదు. పెంకుటింటి కప్పు దూలాలు ఆ ఆకారంలోనే ఎందుకు పెడతారో మన పెద్దలకి తెలుసు. బారు కిందికి దించితే ముందు త్రికోణం పోతుంది, ఆ మేరకు ఫ్రేము ఎక్కువ ఊగుతుంది. అందుకే లేడీస్ సైకిలు మీద రెండు పాలక్యాన్లూ, పైన మేత మోపూ వేయకండి. అది పిల్లను మోయడానికి చేసింది, పంటను మోయడానికి కాదు.

మన పొరుగున తమిళనాడులో, పుదుక్కోట్టై జిల్లాలో 1991లో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ ప్రోత్సాహంతో అక్షరాలతో పాటు సైకిలూ నేర్పారు. రాళ్ళు కొట్టే కూలీలు, పొలం పనులవాళ్ళు, అంగన్‌వాడీ కార్యకర్తలు వేల సంఖ్యలో నేర్చుకున్నారు. అందరికీ సరిపడా లేడీస్ సైకిళ్ళు లేకపోతే మగవాళ్ళ సైకిళ్ళే ఎక్కేశారు. కొందరికి అవే నచ్చాయట, ఆ బారు మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని! పాత్రికేయుడు పి. సాయినాథ్ ఆ సంగతులన్నీ రాశారు. మీ ఇంట్లో మామగారి పాత సైకిలు గట్టి ఫ్రేముతో మూల పడి ఉంటే, కొత్తది కొనే ముందు దాని వైపూ ఓసారి చూడండి.

దెబ్బ తగలకుండానే పాడయ్యేది

ఫ్రేముకి గుద్దుకోవడం కంటే పెద్ద శత్రువు చడీచప్పుడు లేకుండా వస్తుంది. అదే తుప్పు. వాననీళ్ళు సీటు కడ్డీ పక్కనుంచి దిగి బి.బి.లో నిలుస్తాయి. వానలో తడిసిన రోజు సీటు కడ్డీ తీసి, సైకిలు తలకిందులుగా పది నిమిషాలు నిలబెట్టండి. ఏడాదికోసారి సీటు కడ్డీకి గ్రీజు పూయించండి. యూరియా, డి.ఏ.పి. మూటలు క్యారియరు మీద తెచ్చిన రోజు సైకిలు కడగడం మరిచిపోకండి. ఆ ఎరువు పొడి తడి తగిలితే ఉక్కును ఉప్పులా తినేస్తుంది. పెయింటు చిన్నగా పెచ్చులూడినప్పుడే గరుకు కాగితం రుద్ది, ఒక పూత రంగు వేస్తే పదేళ్ళ ఆయుష్షు పోసినట్టే.

ఒక్క మాటలో చెప్పాలంటే:

* సొట్ట: వదిలేయండి.
* వెనక కొద్దిపాటి వంకర: ఒకసారి తిన్నగా చేయించండి.
* క్యారియరు చెవులు, స్టాండు పలక: గ్యాసు మీద అతికించండి.
* ముడత, హెడ్డు దగ్గర పగులు, బి.బి. పగులు, లోతు తుప్పు: ఫ్రేము మార్చండి.
* ఫోర్కు వంగితే: మరో మాట లేకుండా కొత్తది.

ఈ పేజీ కత్తిరించి క్యాలెండరు వెనకాల గుచ్చి పెట్టుకోండి. ఆదివారం పూట పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక దారం ముక్క, ఒక సుద్దముక్క తీసుకుని సైకిలు చూడండి. మీతో పాటు తనూ నేర్చుకుంటుంది. రేపు దారిలో సైకిలు ఏదైనా కొత్త చప్పుడు చేస్తే ముందు గుర్తుపట్టాల్సింది దాన్ని తొక్కే పిల్లే కదా!